సొంత నాటికతో అంతర్ కళాశాల పోటీకి వెళ్తున్నాం: యాభై నిమిషాల స్క్రిప్టు అరగంటకు ఎలా తేవాలి?

పలాస_పిల్ల · ఆదివారం రాత్రి

అందరికీ నమస్కారం. మాది శ్రీకాకుళం జిల్లా, డిగ్రీ ఆఖరి సంవత్సరం. యూనివర్సిటీ అంతర్ కళాశాల యువజనోత్సవంలో ఏకాంకిక విభాగానికి మా కాలేజీ పేరు ఇచ్చాం. అక్కడ బాగా చేసినవాళ్లను దక్షిణ మండల ఉత్సవానికి పంపుతారని చెప్పారు.

నాటిక నేనే రాశాను. పేరు 'వేలిముద్ర'. పలాసలో జీడిపిక్కలు కొట్టే ఒకావిడ. ఏళ్ల తరబడి జీడి రసం తగిలి వేళ్ల చర్మం నల్లబడి, పొరలు ఊడి, గీతలు అరిగిపోయాయి. రేషన్ డీలరు దగ్గర మిషను మీద వేలు పెడితే ముద్ర పడదు. తన బియ్యం తాను తెచ్చుకోవడానికి తనెవరో రుజువు చేసుకోవాలి. ఇదీ కథ. దీంతో పాటు కూతురి చదువు, జీడి బట్టీ యజమాని దగ్గర అప్పు, తాగుబోతు తమ్ముడు కూడా ఉన్నారు. మొత్తం పదకొండు పాత్రలు. చదివితేనే యాభై నిమిషాలు దాటుతోంది.

మూడు విషయాల్లో సాయం కావాలి. ఎలా కుదించాలి? మా సారు "ఇంత యాస జడ్జీలకు ఎక్కదు, మామూలు భాషలోకి మార్చు" అంటున్నారు. మార్చాలా? సొంత స్క్రిప్టు వద్దు, నాటక పరిషత్తుల పోటీల్లో బహుమతులు కొట్టిన నాటిక ఏదైనా తీసుకుందాం అని కూడా అంటున్నారు. మీరేమంటారు?

వింగ్_పక్కన · ఆదివారం రాత్రి

ముందు నిబంధనలు చూసుకో అమ్మా. అంతర్ విశ్వవిద్యాలయ స్థాయిలో ఏకాంకికకు 30 నిమిషాలు దాటకూడదు. వేదిక మీద 9 మంది వరకు, వెనక సంగీతం వగైరాలకు 3గురి వరకు. యూనివర్సిటీ స్థాయిలోనూ దాదాపు ఇవే పెడతారు, అయినా ఈ ఏటి సర్క్యులర్ తెప్పించుకుని చదువు. సెట్టు పెట్టుకోవడానికి, తీసేయడానికి 10 నిమిషాల వరకు ఇస్తారు. ఖాళీ వేదికతో మొదలై ఖాళీ వేదికతో ముగియాలి.

చాలామంది దెబ్బ తినేది పరిచయం దగ్గర. "మా కళాశాల తరఫున సమర్పిస్తున్న ఈ నాటిక..." అని మైకులో మొదలుపెట్టగానే గడియారం తిరుగుతుంది. నాటిక పేరు, ఊరు చెప్పి ఆపేయండి.

రిహార్సల్లో 27 నిమిషాలకు పూర్తి కావాలి. హాల్లో జనం నవ్వుతారు, చప్పట్లు కొడతారు, కొత్త వేదిక మీద నడవడానికి ఎక్కువ అడుగులు పడతాయి. ఆ మూడు నిమిషాలు వాటికే పోతాయి.

గోదారోడు_రాజమండ్రి · సోమవారం ఉదయం

మీ సారు చెప్పింది కొట్టిపారేయకండి. పరిషత్తు నాటిక అంటే పదిచోట్ల ఆడి, జనం ఎక్కడ కదులుతారో, ఎక్కడ కళ్లు తుడుచుకుంటారో తెలిసిన సరుకు. ఎంట్రీలు, ఎగ్జిట్లు సరిచేసి ఉంటాయి. మొదటిసారి స్టేజీ ఎక్కే పిల్లలకు గట్టి స్క్రిప్టు ఉంటే సగం భయం పోతుంది. మా బ్యాచ్ అలాగే నేర్చుకుంది. సొంతంగా రాయడం తర్వాత కూడా చేయొచ్చు.

ఒక్క ఇబ్బంది మాత్రం ఉంది. పరిషత్తు నాటికలు గంటకు అటూ ఇటూ ఉంటాయి. అరగంటకు నరకాలంటే రచయితను అడగాలి.

ఓరుగల్లు_రంగస్థలం · సోమవారం మధ్యాహ్నం

నేను వేరే విధంగా చెప్తా. మా వరంగల్ నుంచి దక్షిణ మండలానికి వెళ్లినప్పుడు జడ్జీల బల్ల దగ్గర కూర్చున్న ముగ్గురిలో తెలుగు తెలిసినవారు ఒక్కరూ లేరు. కర్ణాటక, తమిళనాడు, కేరళ జట్లు వాళ్ల భాషల్లో వేస్తాయి, మనం మన భాషలో వేస్తాం. ఏ భారతీయ భాషలోనైనా వేయొచ్చు, ప్రాంతీయ భాషైతే కథా సారాంశం ఇంగ్లీషులోనో హిందీలోనో రాసివ్వాలి. అంతే నిబంధన.

అంటే మీ సారు భయపడుతున్న యాస సమస్య అక్కడ ఉండనే ఉండదు. శ్రీకాకుళం మాటైనా, విజయవాడ మాటైనా మలయాళీ జడ్జికి ఒకటే. ఆయన చూసేది ఒళ్లు. ఎవరు ఎవరి వైపు తిరిగారు, ఎవరు ఎంత దూరంలో నిలబడ్డారు, ఎవరి చేతులు ఏం చేస్తున్నాయి. మార్కులు కూడా ఇతివృత్తం, నటన, రంగ నిర్వహణ, రూపకల్పన, మొత్తం మీద కలిగిన అనుభూతి చూసి వేస్తారు. పరిషత్తు నాటికలో బలమంతా సంభాషణల్లో ఉంటుంది. ఆ సంభాషణ అర్థం కాని హాల్లో అది వేస్తే ఇద్దరు మనుషులు సోఫా ముందు నిలబడి అరుచుకున్నట్టు కనబడుతుంది. ఆ ఏడాది మా కళ్లముందే రెండు మంచి జట్లు ఇలా పోయాయి.

నీ కథలో వేళ్లున్నాయి చెల్లీ. అది ఎవరికైనా కనబడుతుంది. దాన్ని వదలకు.

పలాస_పిల్ల · సోమవారం రాత్రి

థాంక్యూ అన్నా, ధైర్యం వచ్చింది. కానీ ముందు నెగ్గాల్సింది మన యూనివర్సిటీలోనే కదా. ఇక్కడ జడ్జీలకు తెలుగు వచ్చు. వాళ్లు యాసను కామెడీ అనుకుంటారేమోనని భయం. సినిమాల్లో మా మాట వినబడగానే జనం నవ్వడం అలవాటైపోయింది.

బొబ్బిలి_మాస్టారు · మంగళవారం ఉదయం

అమ్మాయ్, నేను కాలేజీలో తెలుగు చెప్పి రిటైరయినవాణ్ణి. ఎన్నో ఏళ్లు పిల్లల్ని ఈ పోటీలకు తీసుకెళ్లాను. కొంచెం పెద్దగా రాస్తాను, ఓపికగా చదువు.

మొదట భాష సంగతి. గురజాడవారి కన్యాశుల్కం 1892లో విజయనగరంలో మొదటిసారి ఆడారు. ఆ నాటకంలో అగ్రహారం మాట వేరు, బంట్రోతు మాట వేరు, మధురవాణి మాట వేరు. మన జిల్లాల మాట వేదికెక్కి నూట ముప్పై ఏళ్లు దాటింది. దాన్ని ఎవరి అనుమతితోనో మళ్లీ ఎక్కించాల్సిన పని లేదు. జనం నవ్వేది యాసకు కాదు, యాసను నవ్వించడానికి వాడినప్పుడు. నీ నాటికలో అందరూ అదే మాట మాట్లాడితే, అందులో ఒకరు పస్తులుంటే, రెండో నిమిషానికి హాలు సర్దుకుంటుంది. ఒక్క జాగ్రత్త తీసుకో. డీలరు, బట్టీ యజమాని పుస్తకం భాష మాట్లాడి, తల్లి ఒక్కతే యాసలో మాట్లాడేట్టు పెట్టకు. అప్పుడు ఆమె మాట ప్రదర్శనకు పెట్టిన వస్తువైపోతుంది. డీలరూ ఆ ఊరివాడే. వాడూ "ఏటమ్మా" అనే అంటాడు.

సొంత స్క్రిప్టు గురించి. అంతర్ విశ్వవిద్యాలయ యువజనోత్సవాలు 1954లో ఢిల్లీలో మొదలయ్యాయి. అప్పటికే మన ఆంధ్ర విశ్వవిద్యాలయంలో రిజిస్ట్రారు కూర్మా వేణుగోపాలస్వామిగారు నాటకం అంటే ప్రాణం పెట్టి విద్యార్థుల చేత వేయించేవారు. పరిపాలన చూసే ఆఫీసరు సాయంత్రం రిహార్సల్లో కూర్చునేవారంటే ఆ రోజుల్లో పిల్లలకు ఎంత బలమో ఆలోచించు. గొల్లపూడి మారుతీరావుగారు ఆ విశ్వవిద్యాలయంలో విద్యార్థిగా నాటకాలు వేసి వచ్చినవారే. ఇరవై ఏళ్ల పిల్లలు కొత్త మాట చెప్పడానికే ఈ పోటీలున్నాయని నా నమ్మకం. పెద్దల నాటికలు ఆడుకోవడానికి పరిషత్తులు ఉండనే ఉన్నాయి. తెనాలిలో 1929లో ఆంధ్ర నాటక కళా పరిషత్తు పుట్టినప్పటినుంచీ ఆ దారి నడుస్తూనే ఉంది. కాలేజీ పోటీలో కూడా అవే చూపిస్తే ఈ తరం ఏం ఆలోచిస్తోందో మాకెలా తెలుస్తుంది?

ఇక కుదింపు. అందరూ చేసే పని ప్రతి పేజీలో నాలుగు డైలాగులు కొట్టేయడం. అలా చేస్తే నాటిక చిన్నదవదు, పీలగా అవుతుంది. కథల్నే తీసెయ్యి. నీ దగ్గర నాలుగున్నాయి: వేలిముద్ర, చదువు, అప్పు, తమ్ముడి తాగుడు. అరగంటలో ఒకటి పూర్తిగా, ఇంకొకటి నీడగా పడతాయి. తాగుడు తీసెయ్యి, అది ఏ నాటికలోనైనా ఉంటుంది. అప్పు ఒక్క మాటలో తెలిస్తే చాలు. చదువును అలాగే ఉంచు, అయితే విడిగా సీను వద్దు. కూతురు తల్లి పక్కనే కూర్చుని పిక్కలు కొట్టడం మొదలుపెడితే ఆమె చదువు ఆగిందని హాలంతటికీ తెలుస్తుంది. దానికి డైలాగు అక్కర్లేదు.

మొదటి సీను ఎక్కడ మొదలవుతోంది? ఇంటి దగ్గర తెల్లారడంతో అయితే చింపెయ్యి. రేషన్ క్యూలో మొదలుపెట్టు.

పలాస_పిల్ల · మంగళవారం మధ్యాహ్నం

మాస్టారూ, ఇంటి దగ్గర తెల్లారడంతోనే మొదలైంది. తీసేస్తున్నాను. తమ్ముణ్ణీ, అతనితో ఉండే ఇద్దరినీ తీసేస్తే పాత్రలు ఎనిమిదికి వచ్చాయి.

గోదారోడు_రాజమండ్రి · మంగళవారం రాత్రి

మాస్టారి మాటకు ఎదురు చెప్పను. కానీ ఒక మాట. సొంత నాటిక అయితే దర్శకత్వం కూడా రచయితే చేయకూడదు. రాసినవాళ్లకు తమ లైన్లు కోసుకోవడం కష్టం. పలాస అమ్మాయి రాయనీ, దర్శకత్వం ఇంకొకరికి ఇవ్వండి. కనీసం రిహార్సల్లో స్క్రిప్టు పుస్తకం వేరేవాళ్ల చేతిలో ఉండాలి.

అరసవల్లి_శ్రావ్య · మంగళవారం రాత్రి

దీనికి ఒప్పుకోను. కాలేజీలో రాసేవాళ్లే దొరకరు, దర్శకత్వానికి ఇంకొకరిని ఎక్కడినుంచి తెస్తారు? ఆమెకు కావాల్సింది ఎదురుగా కూర్చుని నిజం చెప్పే ఒక ఫ్రెండు. మేం అలాగే చేశాం. నాటకం గురించి ఏమీ తెలియని హాస్టల్ అమ్మాయిని కూర్చోబెట్టి, ఎక్కడ బోర్ కొడితే అక్కడ చెయ్యెత్తమన్నాం. ఆమె చెయ్యెత్తిన ప్రతిచోటా కోశాం.

లా_స్టూడెంట్_గుంటూరు · బుధవారం ఉదయం

వేరేవాళ్ల రచన తీసుకోవాలనుకునే జట్లు కూడా ఈ చర్చ చదువుతుంటాయి కాబట్టి చెప్తున్నా. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం రచయిత మరణించిన తర్వాత 60 ఏళ్ల వరకు హక్కులు ఉంటాయి. గురజాడ 1915లో పోయారు, కాబట్టి ఆయన రచనలు ఎవరైనా వాడుకోవచ్చు. రావిశాస్త్రిగారి కథ నాటికగా చేద్దామని ప్రతి ఏడూ ఒక కాలేజీ అనుకుంటుంది. ఆయన పోయింది 1993లో. 2053 చివరిదాకా కుటుంబం అనుమతి కావాలి.

సెక్షన్ 52లో విద్యాసంస్థలకు మినహాయింపు ఉంది. అయితే అది సంస్థ కార్యక్రమాల్లో భాగంగా, దాని సిబ్బంది, విద్యార్థులు, తల్లిదండ్రులు, ఆ కార్యక్రమాలతో సంబంధమున్నవాళ్లే ప్రేక్షకులుగా ఉన్నప్పుడు. టికెట్టు లేకుండా ఔత్సాహిక బృందాలు వేసే ప్రదర్శనలకు ఇంకో మినహాయింపు ఉంది. పది కాలేజీల జనం వచ్చే ఉత్సవానికి ఏది వర్తిస్తుందో వాదించుకునే బదులు ఒక ఉత్తరం రాయడం మేలు. పిల్లలు వేస్తామంటే కాదనే రచయితలు తక్కువ.

పలాస అక్కా, నీ స్క్రిప్టు నీదే. కాలేజీ మ్యాగజైన్లోనో బ్రోషర్లోనో వేస్తే రచయితగా నీ పేరు ఉండేలా చూసుకో. కాలేజీ పేరు వేసి రచయిత పేరు వదిలేయడం తరచూ చూస్తున్నాను.

మూకాభినయం_రవి · బుధవారం సాయంత్రం

పిక్కలు నిజంగా తెస్తున్నారా, లేక చేతులతోనే చూపిస్తారా?

పలాస_పిల్ల · బుధవారం రాత్రి

నిజమైనవి తెద్దామనే అనుకున్నాం. కానీ అవి దొర్లిపోతున్నాయి, చీకట్లో కాలి కింద పడితే జారిపోతున్నాం.

మూకాభినయం_రవి · బుధవారం రాత్రి

తేవద్దు. పని చేసేవాళ్ల దగ్గర కూర్చుని ఒక పూటంతా చూడండి. ఏ చేత్తో తీస్తారు, ఎక్కడ ఆనిస్తారు, దెబ్బ ఎంత ఎత్తునుంచి పడుతుంది, పప్పు విరక్కుండా వేలు ఎలా తిరుగుతుంది, ఎన్ని పిక్కలకోసారి చేతికి బూడిద రాసుకుంటారు. ఆ వరుస ఒంట్లోకి వచ్చేదాకా చేయించండి. తర్వాత సుత్తి, పీట మాత్రం నిజమైనవి పెట్టి, పిక్కను గాల్లో చూపించండి. చప్పుడు నిజం, పిక్క ఊహ. నలుగురు ఆడపిల్లలు ఒకే లయలో కొడుతుంటే మీకు వేరే సంగీతం అక్కర్లేదు. తల్లి లయ తప్పిన క్షణం ఆమె మనసులో ఏముందో అందరికీ తెలుస్తుంది.

ఇంకొకటి. మిషను మీద వేలు పెట్టేటప్పుడు ఆ అమ్మాయి ముందు చీర కొంగుకు వేలు తుడుచుకోవాలి. రెండోసారి ఇంకా గట్టిగా. మూడోసారి నాలుకతో తడి చేసి. నాలుగోసారి తుడవకుండా అలా పెట్టేయాలి. మధ్యలో ఎవరూ ఏమీ మాట్లాడొద్దు.

ఓరుగల్లు_రంగస్థలం · బుధవారం రాత్రి

ఇది చాలు. ఇది చూస్తే నాకు సారాంశం కాగితం కూడా అక్కర్లేదు.

వింగ్_పక్కన · గురువారం ఉదయం

సుత్తి చప్పుడు గురించి ఒక జాగ్రత్త. వేదిక ముందు ఫుట్ మైకులు ఉంటే పీట వాటికి దూరంగా పెట్టండి. చెక్క మీద దెబ్బ సౌండ్ బాక్సుల్లో పిడుగులా పడి మాట మింగేస్తుంది. పీట కింద గోనె సంచి మడిచి వేస్తే దెబ్బ వినబడుతుంది, అదురు రాదు. పైన వేలాడే మైకులు మాత్రమే ఉంటే నటులు తల దించుకుని మాట్లాడే చోట్ల ఇబ్బంది. పిక్కలు కొట్టేవాళ్లు తల దించుకునే ఉంటారు కదా! కాబట్టి ముఖ్యమైన మాట వచ్చినప్పుడు చేయి ఆపి, తలెత్తి మాట్లాడేట్టు పెట్టుకోండి.

లైట్ల మీద ఆశలు పెట్టుకోకండి. మామూలు లైట్లు, బల్లలు, కుర్చీలు ఇస్తారు. మేకప్, సెట్టు సామాను మీరే తెచ్చుకోవాలి. వెలుగు పెంచి తగ్గించే డిమ్మర్లు ఉంటాయో ఉండవో. బ్లాకౌట్లు ఎన్ని పెట్టారు?

పలాస_పిల్ల · గురువారం మధ్యాహ్నం

ఏడు.

వింగ్_పక్కన · గురువారం మధ్యాహ్నం

ఒకటికి తగ్గించు. చీకట్లో సామాను జరుపుతుంటే హాలు మాటల్లో పడుతుంది, మళ్లీ వాళ్లను లాక్కురావడానికి టైం పడుతుంది. క్యూలో నిలబడ్డవాళ్లే కూర్చుంటే బట్టీ, లేస్తే క్యూ. సీను మారడానికి అంతకంటే ఏం కావాలి? స్విచ్చులు వేసే మనిషికి మీ స్క్రిప్టు కాపీ మీద ఎర్ర పెన్నుతో గుర్తులు పెట్టి ఇవ్వండి, పేరు అడిగి తెలుసుకోండి, వీలైతే ముందురోజే కలవండి. ఆయన మీ జట్టులో మనిషే అనుకోండి.

అరసవల్లి_శ్రావ్య · గురువారం రాత్రి

ఎవరూ అడగలేదు గానీ అసలు సమస్య ఇది. నాటికలో ఆడపిల్లలు ఎక్కువ. రిహార్సల్ కాలేజీ అయ్యాక పెడితే ఆఖరి బస్సు, హాస్టల్ గేటు, ఇంట్లో ప్రశ్నలు. మా జట్టులో బాగా చేసే అమ్మాయి ఇంట్లో ఒప్పుకోక పోటీకి వారం ముందు మానేసింది. అది ఆమె తప్పు కాదు. ఇప్పుడే మేడమ్ ఒకరిని వెంటపెట్టుకుని ఇళ్లకు వెళ్లి మాట్లాడండి. తేదీలు, ప్రయాణం, ఎక్కడ ఉంటారు, తోడు ఎవరొస్తారు, అన్నీ కాగితం మీద రాసివ్వండి. ఒకరోజు రిహార్సల్‌కు తల్లుల్ని పిలవండి. పలాస తల్లులు ఈ నాటిక చూస్తే అడ్డం చెప్పరని నా గట్టి నమ్మకం. తల్లి పాత్రకు ఇంకొక అమ్మాయి కూడా లైన్లు నేర్చుకుని ఉండాలి.

ప్రిన్సిపాల్ గారిని మధ్యాహ్నం రెండు పీరియడ్లు అడగండి. హాజరు సంగతి లెటర్ మీద తీసుకోండి.

కొత్త_సభ్యుడు_టెక్కలి · గురువారం రాత్రి

మధ్యలో అడుగుతున్నందుకు ఏమనుకోకండి. మాకు ఆరుగురే ఉన్నారు. ఏకాంకిక వేయగలమా, స్కిట్‌కు పోవాలా?

వింగ్_పక్కన · గురువారం రాత్రి

ఆరుగురితో ఏకాంకిక బ్రహ్మాండంగా వేయొచ్చు, 9 అనేది పై హద్దు. స్కిట్ అయితే 10 నిమిషాలు, 6గురు. మైమ్ (మాటల్లేని అభినయం) 5 నిమిషాలు, 6గురు. చెప్పాల్సింది ఒక్క మలుపే అయితే స్కిట్. మనిషి మారడం చూపించాలంటే ఏకాంకిక. స్కిట్‌లో ఎవరినీ వ్యక్తిగతంగా కించపరిచే మాటలు ఉండకూడదు, చూసుకోండి.

పలాస_పిల్ల · శనివారం రాత్రి

కొత్త డ్రాఫ్టు అయింది. చదివితే 24 నిమిషాలు. శ్రావ్యక్క చెప్పినట్టు ఇళ్లకు వెళ్లాం, అందరూ ఒప్పుకున్నారు. డీలరు సీను ఇక్కడ పెడుతున్నాను. దయచేసి మొహమాటం లేకుండా చెప్పండి.

డీలరు: ఏలెట్టమ్మా. ఊఁహూఁ... ఇంకో ఏలెట్టు.
అమ్మ: ఇదీ నాదే బావూ.
డీలరు: నీదేనమ్మా, మిషను ఒప్పుకోడం లేదు.
అమ్మ: మిషనుకి నాను తెల్దు. నీకు తెల్సు గదా?
డీలరు: నాకు తెలిస్తే బియ్యం రావమ్మా.
కూతురు: (ముందుకొచ్చి) మనిషిని మనిషి గుర్తుపట్టలేని రోజులు వచ్చాయా? ఈ వేళ్లు ఎంతమంది పెళ్లిళ్లలో పాయసానికి పప్పు ఇచ్చాయో ఈ మిషనుకు తెలుసా? కష్టం చేసిన చేతికి కూడు లేదా?

బొబ్బిలి_మాస్టారు · ఆదివారం ఉదయం

"నాకు తెలిస్తే బియ్యం రావమ్మా" దగ్గర ఆపెయ్యి తల్లీ. ఆ మాటలో డీలరు నిస్సహాయత ఉంది, ఆమె ఆకలి ఉంది, వాళ్లిద్దరి పరిచయం ఉంది. కూతురి డైలాగు మొత్తం తీసెయ్యి. అందులో ఉన్నదంతా అప్పటికే హాల్లో కూర్చున్నవాళ్ల మనసులోకి వచ్చేసింది. పైగా ఆ పిల్ల ఉన్నట్టుండి పుస్తకం భాషలోకి వెళ్లిపోయింది, చూశావా?

గోదారోడు_రాజమండ్రి · ఆదివారం ఉదయం

ఆ కూతురి డైలాగుకు చప్పట్లు పడతాయి మాస్టారూ. పాయసం మాట బాగుంది. జనానికి ఊపిరి తీసుకునే చోటు కావాలి కదా.

ఓరుగల్లు_రంగస్థలం · ఆదివారం మధ్యాహ్నం

చప్పట్లు పడతాయి, నిజమే. కానీ చప్పట్లు కొట్టాక హాలు తేలిక పడుతుంది. ఇక్కడ తేలిక పడకూడదు. కూతురు ఏమీ అనకుండా వచ్చి తల్లి సంచి తీసుకుని మడత పెట్టాలి. పాయసం సంగతి ముందు పని చేసే చోట సరదాగా, నవ్వుతూ రానివ్వండి. "ఈ గుండు ఏ పెళ్లి పాయసంలోకి ఎల్తదో" అని (గుండు అంటే విరగని పప్పు) ఒకామె అంటే మిగతావాళ్లు నవ్వాలి. అప్పుడు గోదారి అన్న అడిగిన ఊపిరి కూడా దొరుకుతుంది.

గోదారోడు_రాజమండ్రి · ఆదివారం మధ్యాహ్నం

అలా అయితే ఒప్పుకుంటా. ఇంకో మాట, పాత యాభై నిమిషాల ప్రతి పారేయొద్దు. నంది నాటకోత్సవాల్లో కళాశాల, విశ్వవిద్యాలయ విద్యార్థులకు విడిగా విభాగం ఉంది. 2023 డిసెంబరులో గుంటూరు వేంకటేశ్వర విజ్ఞాన మందిరంలో జరిగినప్పుడు కూడా ఉంది. మళ్లీ ప్రకటన పడితే పెద్ద ప్రతి అక్కడికి పనికొస్తుంది. ఈలోగా చుట్టుపక్కల పరిషత్తుల్లో ఆడండి.

పలాస_పిల్ల · ఆదివారం రాత్రి

కూతురి డైలాగు తీసేశాను. పాయసం మాట బట్టీ సీనులో పెట్టాను, ఈ రోజు రిహార్సల్లో నిజంగానే నవ్వారు. మా సారు చూసి యాస మార్చమని ఇంక అనలేదు. తనే డీలరు పాత్రకు మా ఊరి మాట సరిచేశారు.

ఆఖరి ప్రశ్న. మండల స్థాయికి వెళ్తే ఇవ్వాల్సిన సారాంశం ఎంత రాయాలి?

ఓరుగల్లు_రంగస్థలం · ఆదివారం రాత్రి

అర పేజీ. సందేశం గురించి రాయొద్దు, జరిగేది రాయండి. జీడి రసం చర్మాన్ని కాలుస్తుందని, రేషన్‌కు వేలిముద్ర కావాలని రెండు వాక్యాలు తప్పనిసరి. అవి తెలియకపోతే కథ అందదు. ముగింపు చెప్పేయకండి. ముగ్గురు జడ్జీలకు మూడు ప్రింట్లు, ఇంకో రెండు చేతిలో ఉంచుకోండి.

వింగ్_పక్కన · ఆదివారం రాత్రి

మీ ప్రదర్శనకు మూడు గంటల ముందే రిపోర్టు చేయాలని ఉంటుంది, ఆలస్యం చేయకండి. పీటలు, సుత్తులు, గోనె సంచులు ఒకే పెట్టెలో సర్ది, లోపల ఏమున్నాయో మూత మీద రాసి అంటించండి. ఒక సుత్తి అదనంగా పట్టుకెళ్లండి.